ఏ కూర్పు ఆడదాం

డులూత్‌లో నవంబరు.
ఇనుపరాయి మోసుకొచ్చే ఓడ
వంతెన ఎత్తమని సరస్సు మీంచి కూత పెట్టింది.
సోల్వే లాండ్రీ కింద, నేలమాళిగలో,
డ్రయ్యర్ల వేడికి మోకాళ్ళు కాచుకుంటూ ఐదుగురం.
ఇంకో నేలమాళిగలోకి దిగేముందు
తేల్చుకోవలసింది ఒకటుంది.

బల్ల మీద రెండు పుస్తకాలు.
ఒకటి నాది. అట్ట ఊడితే
పైపులకు చుట్టే టేపు వేశాను.
చేతిలోకి తీసుకుంటే చాలు, తొంభై ఏడో పేజీ
దానంతటదే తెరుచుకుంటుంది: విషాల పట్టిక.
రెండోది ఆనెలీస్‌ది, లోవెల్ మనవరాలు,
పద్నాలుగేళ్ళు.
దాని పేజీలు ఇంకా ఒకదాన్నొకటి వదలట్లేదు.
కొత్త చెప్పుల వాసన.

పాతదాంట్లో కవచం లెక్క తలకిందులు.
పది అంటే ఒంటి మీద చొక్కా మాత్రమే ఉన్నవాడు.
సున్నా అంటే నిలువెల్లా ఉక్కు.
సున్నా కిందికి దిగినవాణ్ణి
డ్రాగన్ కూడా గీరలేదు.
"తగ్గితే మంచిదెలా అవుతుంది?" అంది పిల్ల.
అప్పు, బరువు, రక్తపోటు అని ఏవో చెప్పాను.
నమ్మలేదు.

కొత్తదాంట్లో చావబోయేవాడికి మూడు అవకాశాలు.
రాత్రి పడుకుంటే
తెల్లారేసరికి గాయాలన్నీ మాయం.
పాతదాంట్లో ఒక్క పాచిక. పారలేదా,
కాగితం చింపి బొగ్గుల పొయ్యిలో వెయ్యడమే.
ఎనభై ఆరు చలికాలంలో క్లీటస్
ఒక్క రాత్రే నలుగుర్ని పోగొట్టుకున్నాడు.
నాలుగోవాడికి పేరు పెట్టే తీరికే దొరకలేదు.
ఐదోవాడికి పెట్టిన పేరు: మళ్ళీ.
ఆ మళ్ళీ ఇప్పటికీ బతికే ఉన్నాడు,
పదకొండో స్థాయిలో, ఒక చెవి లేకుండా.

"చావు లేని చీకటి ఏం చీకటి?" అన్నాను,
గట్టిగానే అన్నాను.
లోవెల్ పాచికల సంచీ తాడు సవరించుకుంటూ,
"చావు భయానికేం, డాక్టరు దగ్గర బోలెడుంది.
పడుకుని లేస్తే మానిపోయే చోటు
గురువారం గురువారం ఒకటి ఉండనీ," అన్నాడు.

పైన ఏదో మెషీను సుడి అందుకుంది.
బల్ల మీద పాచికలు వాటంతటవే కొంచెం జరిగాయి.

ఈలోగా ఆనెలీస్ నా పుస్తకం లాక్కుంది.
"కాగడా ఆర్పి దాక్కుంటే దొంగకి రెండు కలపాలని
పోయినవారం చెప్పారే, ఎక్కడుంది?"
అంచున, పెన్సిల్‌తో.
"మాంత్రికుడు అబద్ధమాడితే మంత్రం మరిచిపోవడం?"
అదీ పెన్సిలే. సోల్వే రాత.
"చచ్చినవాడు ఆఖరిమాట ఒకటి చెప్పొచ్చు?"
పేజీకి నిలువుగా, ఇరుకులో, క్లీటస్ రాత.
వాడే రాసుకోవాలి మరి.
అచ్చులో ఉన్నది వేరే.
అచ్చు మీద చాలాచోట్ల అడ్డగీతలు.

"మీరీ పుస్తకం ఎప్పుడూ ఆడలేదు," అంది.
తప్పు పట్టినట్టు కాదు,
చీటీ మీద ధర చదివినట్టు.

నాకేం జవాబు తోచలేదు.
కాఫీ వేడిచేసే వంకన మెట్ల దాకా వెళ్ళి వచ్చాను.
ముప్పై తొమ్మిదేళ్ళు
నేను కాపలా కాసిన ఆ ఇనప్పెట్టెలో
అసలేముందో
తాళం లేని పిల్ల తీసి చూపించింది.

చేతులెత్తారు. మూడు, రెండు.
క్లీటస్ నా వైపే, మోచెయ్యి దాకా ఎత్తాడు.

సరే. కొత్త పుస్తకం నా ముందుకు జరిపారు,
ఆట నడిపేది నేనేగా.
వీపు విరిచి తెరిస్తే చిన్నగా మూలిగింది.
గొంతు సవరించుకున్నాను.
"రాతిమెట్లు దిగుతున్నారు. కింద నీళ్ళ చప్పుడు.
కటిక చీకటి.
కాగడా ఎవరు తెచ్చారు?"

కాగితాలు తిరగేశారు. ఎవరూ రాసుకోలేదు.

"నా పాత్రకి చీకట్లో కనిపిస్తుంది," అంది ఆనెలీస్,
"ఇందులో అంతే."

"మాకు కనిపించదు," అన్నాడు క్లీటస్.
"ముందు నువ్వు నడు."